అసలు చవక, కొసరు ఖరీదు: సేల్‌లో గేమ్ కొనేముందు బిల్లు ఎలా లెక్కేయాలి?

రైతు బజార్లో కేజీ వంకాయలు కొంటే కొసరుగా ఇంకో రెండు సంచిలో పడతాయి, డబ్బులు అడగరు. గేమ్‌ల బజార్లో ఈ లెక్క తిరగబడింది. అసలుకి మూడొంతులు తగ్గించి, కొసరు మాత్రం పూర్తి ధరకి అమ్ముతారు. ఆ కొసరునే డీఎల్‌సీ అంటారు. గేమ్ కొన్నాక మళ్ళీ డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే అదనపు సరుకన్నమాట.

నేనూ దెబ్బ తిన్నవాడినే. ఒక జూన్ చివర్లో, బట్టల షాపులవాళ్ళు ఆషాఢం సేల్ బోర్డులు కడుతున్న రోజుల్లో, రెండు వేల రూపాయల రేసింగ్ గేమ్ ఐదు వందలకే వస్తోందని రాత్రి పదకొండింటికి యూపీఐ కొట్టేశాను. తెల్లారి మా తమ్ముడి కొడుకు కూర్చుని ఆడుతూ, "పెద్దనాన్నా, ఈ ఎర్ర కారు ఎందుకు రావట్లేదు?" అన్నాడు. వెళ్ళి చూస్తే గ్యారేజీలో కార్లన్నీ తళతళలాడుతున్నాయి, సగం కార్ల మీద తాళం బొమ్మ. తాళం నొక్కితే స్టోర్ పేజీ తెరుచుకుంటోంది. అన్నీ కూడితే ఏడు వేలు దాటింది.

ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. ఎక్కువగా పీసీలో స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) వాడేవాళ్ళకి పనికొస్తుంది.

1. కొనే బటన్ దగ్గర ఆగకండి, కిందికి దిగండి

గేమ్ పేజీలో కిందికి వెళ్తే డీఎల్‌సీల జాబితా ఉంటుంది. అన్నిటినీ ఒకేసారి కార్ట్‌లో వేసే బటన్ కూడా అక్కడే ఉంటుంది. దాన్ని నొక్కండి. కొనడానికి కాదు, మొత్తం ఎంతవుతుందో చూడడానికి. చూశాక కార్ట్ ఖాళీ చేసేయండి. గేమ్ అసలు ధర ఆ అంకే తప్ప, ఆకుపచ్చ డబ్బాలో మెరిసే 75 శాతం కాదు.

పాత గేమ్‌లకి ఇది మరీ ముఖ్యం. 2014లో వచ్చిన ద సిమ్స్ 4నే తీసుకోండి. 2022 అక్టోబర్ నుంచి అసలు గేమ్ ఉచితం. అదనపు ప్యాక్‌లకి మాత్రం డబ్బు కట్టాల్సిందే, అవేమో పదుల సంఖ్యలో ఉన్నాయి.

2. ఏ కొసరు లేకపోతే గేమ్ కుంటుపడుతుందో చూడండి

డీఎల్‌సీలన్నీ మోసం కాదు. బట్టలు, రంగులు, పాటల ప్యాక్‌లు ఒక రకం. ఇవి లేకపోయినా ఆటకి లోటేమీ ఉండదు. 2006లో ఆబ్లివియన్ గేమ్‌కి గుర్రం కవచం అని ఒకటి అమ్మారు, ఎక్స్‌బాక్స్‌లో రెండున్నర డాలర్లు. గుర్రం అందంగా కనబడడానికి తప్ప పెద్దగా దేనికీ పనికిరాదని జనం నవ్వుకున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ వెటకారానికి దాని పేరే వాడతారు. కొన్నవాళ్ళూ ఉన్నారనుకోండి.

రెండో రకం కొత్త కథలు. విచర్ 3 అనే గేమ్‌కి చిన్న చిన్న డీఎల్‌సీలు పదహారు ఊరికే ఇచ్చారు. డబ్బు తీసుకున్న రెండు పెద్ద కథల్లో రెండోదానికి, 2016లో, తిరగడానికి ఒక కొత్త ప్రాంతాన్నే కట్టి ఇచ్చారు. అలాంటిది కొంటే నాకు బాధ లేదు, అసలు ఆట పూర్తి చేశాకే కొనుక్కోవచ్చు కూడా.

ఒళ్ళు మండేది మూడో రకానికి. ఆటలో రోజూ వాడాల్సిన సదుపాయాన్నే విడగొట్టి అమ్మడం. దీన్ని పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. స్టీమ్‌లో ప్రతి డీఎల్‌సీకీ విడిగా రివ్యూలుంటాయి. అసలు గేమ్‌ని మెచ్చుకున్నవాళ్ళే అక్కడ తిట్టిపోస్తుంటే, ఎందుకు తిడుతున్నారో నాలుగు రివ్యూలు చదవండి. "ఇది గేమ్‌లోనే ఉండాల్సింది" అన్న మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది.

3. పాత ధరలు తిరగేయండి

స్టీమ్‌డీబీ అనే వెబ్‌సైట్‌లోగానీ ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే వెబ్‌సైట్‌లోగానీ గేమ్ పేరు కొడితే ఇప్పటిదాకా ఎప్పుడు ఎంతకి దిగిందో కనిపిస్తుంది. స్టీమ్‌డీబీలో మన రూపాయల ధర కూడా చూడొచ్చు. ప్రతి సేల్‌లోనూ అదే ధరకి వస్తున్న గేమ్ అయితే, "ఇంకా ఆరు గంటలే" అన్న గడియారం చూసి టెన్షన్ పడక్కర్లేదు. విష్‌లిస్ట్‌లో వేసి పడుకోండి, ధర తగ్గితే మెయిల్ వస్తుంది. గేమ్‌తో పాటు మీకు కావాల్సిన డీఎల్‌సీని కూడా విడిగా వేసుకోండి.

4. బండిల్ ధర కూడా చూడండి

గేమ్, డీఎల్‌సీలు కలిపిన బండిల్ ఒక్కోసారి విడివిడిగా కొన్నదానికంటే బాగా చవక. స్టీమ్‌లో చాలా బండిల్స్‌కి, మీ దగ్గర ఇప్పటికే ఉన్న వాటి ధర తీసేసి మిగతాదానికే లెక్క కడతారు.

5. చేతులు కాలితే, రెండు గంటల్లోపే ఆకులు పట్టుకోండి

కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపయితే స్టీమ్‌లో డబ్బు వెనక్కి అడగొచ్చు. హెల్ప్ పేజీలో మీ కొనుగోళ్ళ జాబితా తెరిచి, గేమ్ ఎంచుకుని, రీఫండ్ నొక్కి, కారణం ఒక ముక్క రాస్తే చాలు. డీఎల్‌సీకీ దాదాపు ఇదే రూలు. అది కొన్నాక అసలు గేమ్ 2 గంటలకంటే తక్కువ ఆడి ఉండాలి, ఆ సరుకు వాడేసి ఉండకూడదు.

గేమ్ తెరిచి భోజనానికి వెళ్ళినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. అందుకే మొదటి గంటలో తాళం బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో మెనూలన్నీ తెరిచి చూసేయండి, ఆట తర్వాత. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పూర్తి ధరకి కొన్న గేమ్‌కి వెంటనే సేల్ పెడితే, రీఫండ్ తీసుకుని సేల్ ధరకి మళ్ళీ కొనుక్కోవచ్చు. అలా చేయడం తప్పు కాదని స్టీమ్ నిబంధనల్లోనే రాసి ఉంది.

6. స్నేహితుడి దగ్గర ఉందేమో అడగండి

స్టెల్లారిస్, యూరోపా యూనివర్సాలిస్ 4 లాంటి గేమ్‌లు కలిసి ఆడేటప్పుడు, ఆట మొదలుపెట్టినవాడి దగ్గర డీఎల్‌సీ ఉంటే ఆ ఆటలో మిగతావాళ్ళకీ అది పనిచేస్తుంది. నలుగురూ కొనక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళయితే స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా చేరి గేమ్‌లు పంచుకోవచ్చు.

నా రేసింగ్ గేమ్‌కి రీఫండ్ రాలేదు. నేను చూసేసరికే మావాడు రెండు గంటల ఇరవై నిమిషాలు ఆడేశాడు. ఎర్ర కారు విష్‌లిస్ట్‌లో ఉంది, ఇంతవరకు ఇరవై శాతానికి మించి తగ్గలేదు. వాడు ఆదివారం ఆదివారం వచ్చి అడుగుతున్నాడు.