వాపు ఎన్ని గంటలకు వచ్చింది? కబడ్డీ దెబ్బలు: సమస్య, కారణం, పరిష్కారం

సంక్రాంతి పోటీలు ముగిశాయంటే ఓ పది రోజులు మా అరుగు ఖాళీ ఉండదు. ఒకడు చీలమండ పట్టుకుని, ఒకడు మోకాలు పట్టుకుని, ఇంకొకడు వాచిన వేలు చూపిస్తూ వస్తారు. పాతికేళ్ళుగా కోనసీమ కుర్రాళ్ళకు కబడ్డీ నేర్పుతున్నాను. డాక్టర్ని కాను. ఏ దెబ్బ ఇంట్లో తగ్గుతుందో, దేనికి ఆసుపత్రికి పరిగెత్తాలో మాత్రం చూసి చూసి తెలిసింది. ఐసు పెట్టడం, క్రేప్ బ్యాండేజీ చుట్టడం, కాలు దిండు మీద ఎత్తులో పెట్టడం మీకు తెలిసినవే. కాకపోతే ఐసు గురించి ఒక్క మాట. రొయ్యల వ్యాపారం పుణ్యమా అని మన దగ్గర ఐసు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది కదా అని గడ్డ తెచ్చి నేరుగా చర్మం మీద పెట్టేస్తున్నారు. చర్మం కమిలిపోతుంది. తువ్వాల్లో చుట్టి పావుగంట పెడితే చాలు.

సమస్య: చీలమండ మడతపడి వాచింది

మన నల్లమట్టి ఎండితే నెర్రెలిస్తుంది. కోర్టు ఎంత చదును చేసి రంపపు పొట్టు చల్లినా ఎక్కడో ఒకచోట గుంట ఉంటుంది. పాదం లోపలికి మడతపడి బయటివైపు లిగమెంటు, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే తాడు, సాగుతుంది. ఎక్కువ మందికి అదే.

అందరూ వాపు చూసి భయపడతారు. వాపు కాదు చూడాల్సింది. నాలుగు అడుగులు వేయగలడా? కుంటుతూ వేసినా సరే, వేసినట్టే లెక్క. తర్వాత చీలమండకు రెండు పక్కలా ఉన్న ఎముక బొడిపెల కొననీ, వాటి వెనక అంచునీ నాలుగు వేళ్ళ మేర నొక్కండి. చిటికెన వేలు వరసలో పాదం మధ్యలో తగిలే బొడిపెనూ, దానికి ఎదురుగా లోపలివైపు ఎముకనూ నొక్కండి. నొక్కిన ఎముక మీదే కలుక్కుమన్నా, నాలుగు అడుగులు పడకపోయినా ఎక్స్‌రే తీయించాలి. రెండూ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో పెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడతారు. నిమిషం పట్టదు. అయినా ఒక్కడూ చేయడు, ముందు నూనె సీసా తెస్తారు.

మొదటి రెండు మూడు రోజులు మర్దన వద్దు, కాపడం వద్దు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోవడం అసలే వద్దు. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు నడవాలి. వారం దాటాక పళ్ళు తోముకునేటప్పుడు ఆ ఒంటికాలి మీద నిలబడి తోముకోవాలి. ఇది మానేసినవాడే "మాస్టారూ, మళ్ళీ అదే కాలు" అంటూ మరుసటి నెల వస్తాడు.

సమస్య: మోకాలు తిరిగింది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు

నాకు వాత పెట్టింది ఇదే. మా జట్టులో మంచి రైడరు ఒకడుండేవాడు. కూతకు వెళ్ళి, బోనస్ గీత దాటి, గిరుక్కున వెనక్కి తిరగబోయి పడిపోయాడు. వాణ్ణి ఎవరూ పట్టుకోలేదు. "లోపల టప్పుమంది మాస్టారూ" అన్నాడు. దీపాలు పెట్టే వేళకి మోకాలు సొరకాయలా అయింది. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మూడు వారాల్లో వాపు పోయింది. అయిదో వారం కాలవ గట్టు మీద నా ముందే పరిగెత్తాడు, ఏ ఇబ్బందీ లేదు. నేనే ఆడించాను. రెండో కూతలో అదే మలుపు, అదే కాలు. ఈసారి మోకాలు మడిచింది మడిచినట్టే ఉండిపోయింది, చాపలేకపోయాడు. మొదటిసారే ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) తెగిందని, దాని మీద ఆడినందుకు ఇప్పుడు మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) కూడా చిరిగి మధ్యలో ఇరుక్కుందని ఎమ్మారైలో బయటపడింది.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, లిగమెంటు కనబడదు. "ఏమీ లేదు" అంటే ఎముక విరగలేదని మాత్రమే. ఏసీఎల్ పిక్క ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా ఆపే తాడు. తిన్నగా పరిగెత్తేటప్పుడు దాని అవసరం పెద్దగా పడదు, అందుకే గట్టు మీద పరుగు మనల్ని మోసం చేస్తుంది. అది తెగితే లోపల రక్తం కారి గంటల్లోనే మోకాలు ఉబ్బుతుంది. మెనిస్కస్ ఒక్కటే చిరిగితే వాపు ఎక్కువగా మరుసటి రోజుకు తేలుతుంది.

అందుకే నా అరుగెక్కిన వాణ్ణి ముందు అడిగేది ఇదే: వాపు ఎన్ని గంటలకు వచ్చింది? ఆడిన పూటే వచ్చి, టప్పుమన్న చప్పుడు కూడా ఉంటే, కాదని తేలేదాకా ఏసీఎల్ తెగిందనే అనుకోండి. మొదటి రోజు డాక్టరు కాలు కదిపి చూసినా ఒక్కోసారి దొరకదు, నొప్పికి కండరాలు బిగుసుకుని ఉంటాయి. వాపు దిగాక, వారం పది రోజులకు మళ్ళీ చూపించండి. ఎముకల డాక్టరు మోకాలు కొద్దిగా వంచి, పిక్కను ముందుకు లాగి చూస్తాడు. అనుమానం ఉంటే ఎమ్మారై రాస్తాడు. ఇప్పటికే నెలలు గడిచిపోతే, బండి దిగేటప్పుడో చేను గట్టు మీద నడిచేటప్పుడో మోకాలు జారిపోతుందేమో గమనించండి. టైలరు టేపు తెచ్చి మోకాలి చిప్పకు పది సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలవండి. దెబ్బ తగిలిన వైపు సన్నబడి కనబడితే ఆ కాలు పని మానేసినట్టే.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. చేపల చెరువు పని, కొట్టు పని చేసుకుంటూ ఆట మానేసేవాళ్ళలో చాలామంది వ్యాయామంతోనే నెట్టుకొస్తారు. మలుపులున్న ఆట మళ్ళీ ఆడాలంటే సాధారణంగా చేయించుకోవాలి. దానికీ తొందర లేదు: ముందు వాపు తగ్గాలి, మోకాలు పూర్తిగా తిన్నగా చాపగలగాలి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి కిందికి అదమడం, కాలు తిన్నగా పైకెత్తడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టాలి. ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలల లోపు కోర్టు ఎక్కకూడదు. ఒంటికాలితో గెంతితే, బాగున్న కాలితో గెంతిన దూరంలో కనీసం తొంభై శాతం రావాలి. పండగ దగ్గరపడిందనో, ఫైనల్ ఉందనో ఆర్‌ఎంపీ చేత నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని దిగేవాళ్ళున్నారు. ఇంజెక్షన్‌తో నొప్పి పోతుంది, తెగింది అతుక్కోదు.

సమస్య: వాలీబాల్ తగిలి వేలి కొన వాలిపోయింది

వేలు పట్టి లాగకండి. కొనను పైకెత్తే నరం (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగి ఉంటుంది. ఎక్స్‌రే తీయించి, కొన కణుపును తిన్నగా ఉంచే చిన్న పట్టీ ఆరు నుంచి ఎనిమిది వారాలు వేసుకోవాలి. స్నానానికి తీసినప్పుడు ఒక్కసారి వంగినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

తొడ వెనక పట్టేయడం అందరికీ తెలిసిందే. వార్మప్ లేకుండా దిగడం ఒక కారణం, నెమ్మదిగా నడకతో తగ్గుతుంది. పరిగెడుతుండగా మడమ పైన ఎవరో తన్నినట్టు అనిపించి, వెనక్కి చూస్తే ఎవరూ లేకపోతే మడమ నరం తెగి ఉండొచ్చు, ఆ రోజే వెళ్ళండి. మోకాలు వాచి జ్వరం వచ్చినా, దెబ్బ తర్వాత పాదం చల్లబడి తిమ్మిరెక్కినా, భుజం జారినా నా దగ్గరికి రావద్దు. అవి అరుదు. వస్తే అమలాపురమో కాకినాడో, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తిన్నగా పోండి.