సిలిండర్ పట్టేస్తోందా? టైమింగ్‌ని అనేముందు ఎజెక్టర్ రాడ్ చూడండి

"టైమింగ్ పోయింది", అంటే సిలిండర్ గది సరైన సమయానికి గొట్టానికి ఎదురుగా వచ్చి ఆగడం లేదు, అంటూ నా బల్ల మీదికి వచ్చే పాత డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచి పడే) రివాల్వర్లలో ఎక్కువ భాగానికి టైమింగ్ బాగానే ఉంటుంది. ఖాళీ తొడుగుల్ని నెట్టడానికి సిలిండర్ మధ్యలోంచి ముందుకు పొడుచుకొచ్చే ఎజెక్టర్ రాడ్ వదులై ఉంటుంది, లేదా దాని వెనక కొనకున్న నక్షత్రం ఆకారపు ముక్క కింద మురికి ఉంటుంది. ఆ స్థితిలోనే దాన్ని ఇంకొకదాని పక్కన పెట్టి "కోల్ట్ వెన్నలా జారుతోంది, స్మిత్ అండ్ వెసన్ మొరాయిస్తోంది" అని తీర్పు ఇచ్చేస్తారు. రెండు తుపాకుల్ని పోల్చాలంటే ముందు రెండూ సరిగ్గా పనిచేసే స్థితిలో ఉండాలి కదా.

తుపాకీ ఖాళీ చేసి, ఆరు గదులూ కళ్లతో చూసి, వేలితో తడిమాకే కింద రాసినవి మొదలుపెడతారని అనుకుంటున్నాను. సిలిండర్ తెరుచుకోకుండా బిగుసుకుపోయినప్పుడు ఆ చూసే వీలు ఉండదు. అప్పుడు అందులో తూటాలు ఉన్నట్టే లెక్క.

ట్రిగ్గర్ ఉన్నట్టుండి బరువెక్కింది, సిలిండర్ మూయడం కష్టంగా ఉంది

మొదట నక్షత్రం కింద చూడండి. ఖాళీ తొడుగుల్ని బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద కాలని మందు రేణువు ఒక్కటి ఇరుక్కున్నా చాలు. నక్షత్రం వెంట్రుకవాసి పైకి లేస్తుంది, తూటాల అంచులు వెనక ఫ్రేమ్‌కి రాసుకుంటాయి, ట్రిగ్గర్ బరువెక్కుతుంది. గొట్టాన్ని అడ్డంగా పట్టుకుని తొడుగుల్ని మెల్లగా నెట్టేవాళ్లకు ఇది తరచూ వస్తుంది. గొట్టం ఆకాశం వైపు నిలువుగా ఎత్తి, రాడ్‌ని ఒక్క ఊపున నొక్కితే తొడుగులతో పాటు రేణువులు కూడా కిందికి రాలిపోతాయి.

నక్షత్రాన్ని పైకి లేపి పట్టుకుని, దాని కింది భాగాన్నీ అది కూర్చునే గుంటనీ పొడి టూత్‌బ్రష్‌తో తోమండి. అక్కడ నూనె వేయకండి. ఆ నూనెకే మందు అంటుకుని గట్టి పెచ్చుగా మారుతుంది. ఇది రెండు నిమిషాల పని. అయినా దీన్ని దాటేసి నేరుగా సైడ్ ప్లేట్ (ఫ్రేమ్ పక్కనుండే మూత) స్క్రూల మీద పడేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే సరిపోని స్క్రూడ్రైవర్‌తో చెడిపోయిన స్క్రూ తలలు మళ్లీ కొత్తవి కావు.

శుభ్రం చేసినా అదే బాధ, సిలిండర్ తెరవడానికి కూడా బలం పెట్టాల్సి వస్తోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒకసారి మంచి స్థితిలో ఉన్న పాత రివాల్వర్ చేతికొచ్చింది. మొదటి ఇరవై ముప్ఫై తూటాలు సాఫీగా వెళ్లాయి. తర్వాత ట్రిగ్గర్ కొంచెం కొంచెంగా బరువెక్కింది. వేడికేమో అనుకున్నాను. ఇంకో రెండు విడతలయ్యాక సిలిండర్ అసలు తెరుచుకోలేదు. లోపలేదో విరిగిందనుకుని సైడ్ ప్లేట్ విప్పాను. స్ప్రింగులు, సిలిండర్‌ని తిప్పే హ్యాండ్, దాన్ని ఆపి పట్టుకునే బోల్ట్ అన్నీ చూశాను. ఒక సాయంత్రం మొత్తం పోయింది. లోపల ఏ లోపమూ లేదు. లోపం బయట, నా కళ్ల ముందే, గొట్టం కింద ఉంది: ఎజెక్టర్ రాడ్ రెండు మూడు చుట్లు మర వదిలి ముందుకు జరిగింది.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మళ్లీ మోసపోరు. స్మిత్ అండ్ వెసన్ డబుల్ యాక్షన్లలో సిలిండర్‌కి రెండు చోట్ల తాళం పడుతుంది: వెనక ఫ్రేమ్‌లో ఒకటి, ముందు రాడ్ కొన దగ్గర ఒకటి. 1899లో వచ్చిన మిలిటరీ అండ్ పోలీస్‌లో ముందు తాళం లేదు, 1902లో పెట్టారు. తర్వాత మోడల్ 10 అని పేరు పడిన తుపాకీ ఇదే. బొటనవేలి మీటను ముందుకు తోస్తే, రాడ్ మధ్యలోంచి పోయే సన్నని పిన్ను ముందు తాళాన్ని నెట్టి విడిపిస్తుంది. రాడ్ మర వదిలితే దాని పొడవు పెరిగినట్టే. కొన ముందు తాళం గుంటలోకి లోతుగా దూరుతుంది. పిన్ను ఎంత నెట్టినా తాళం పూర్తిగా విడిపోదు. అంతకుముందే రాడ్ కొన అక్కడ గట్టిగా రాసుకుంటూ ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ బరువెక్కుతుంది. అంటే బరువెక్కడం ముందు హెచ్చరిక, తెరుచుకోకపోవడం చివరి దశ.

పాత తుపాకుల్లో ఈ బాధ ఎక్కువ. వెనక నుంచి చూస్తే స్మిత్ సిలిండర్ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. ముందు తాళం దగ్గర పుట్టే రాపిడి రాడ్‌ని సిలిండర్‌కి ఎదురుగా లాగుతుంది. పాత రాడ్లకు మామూలు కుడి మర ఉండేది, ఆ రాపిడికి అది వదులయ్యేది. 1960 ప్రాంతంలో దాన్ని ఎడమ మరగా మార్చారు, ఇప్పుడు అదే రాపిడి రాడ్‌ని బిగిస్తుంది. అయినా కుదుపులకు ఎడమ మర కూడా వదులవుతుంది, అందుకే కొత్తదైతే చూడక్కర్లేదని అనుకోకండి.

తెరుచుకోనప్పుడు ఏం చేయాలి? తుపాకీని ప్రమాదం లేని దిక్కుకు తిప్పి ఉంచండి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, అరచేయి గొట్టం నోటికి దూరంగా ఉండాలి. హ్యామర్ ముట్టుకోవద్దు. సిలిండర్‌ని కింది బోల్ట్ కదలకుండా పట్టుకునే ఉంటుంది కాబట్టి, గొట్టం కింద కనిపించే రాడ్ గరుకు భాగాన్ని పక్క నుంచి రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే సరిపోతుంది. తుపాకీ వెనక నుంచి చూసినట్టు లెక్కేస్తే ఎడమ మర రాడ్ గడియారం ముల్లు దిశలో బిగుస్తుంది, కుడి మర రాడ్ దానికి వ్యతిరేకంగా బిగుస్తుంది. మీది ఏ మరో తెలియకపోతే చాలా కొంచెం తిప్పి ఆగండి. కొన వెనక్కి పోతుంటే సరైన వైపే, ముందుకు వస్తుంటే రెండో వైపు. వేళ్లు జారితే రబ్బరు ముక్క వాడండి. పటకారు వద్దు.

తెరుచుకున్నాక అసలు బిగింపు. సిలిండర్ గదుల్లో ఖాళీ తొడుగులు పెట్టండి. చాలామంది ఈ మెట్టే వదిలేస్తారు. రాడ్‌ని తిప్పే బలమంతా నక్షత్రం మీద పడుతుంది, దాన్ని కదలకుండా పట్టుకునేవి సన్నటి పిన్నులు. తొడుగులు ఉంటే ఆ బలాన్ని అవి పంచుకుంటాయి, లేకపోతే పిన్నులు తెగొచ్చు. రాడ్‌ని తోలు చుట్టిన వైస్‌లో పట్టించి సిలిండర్‌ని చేత్తో తిప్పి బిగించండి. చేతి బలం చాలు. అవసరమైతే మర మీద తక్కువ బలం ఉన్న థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చిన్న చుక్క వేయొచ్చు. అది రాడ్ లోపలికి కారితే పిన్ను అంటుకుపోతుంది, అందుకే మర చివర్లలో మాత్రమే.

ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కి చూడండి. చాలాసార్లు అక్కడితోనే సమస్య తీరుతుంది.

సంప్రదాయ కోల్ట్‌లలో సిలిండర్ తాళం వెనక మాత్రమే, అందుకే ఈ రూపంలో బాధ రాదు. 1985లో వచ్చిన రూగర్ జీపీ100లో ముందు తాళాన్ని రాడ్‌కి కాకుండా క్రేన్‌కే (సిలిండర్‌ని మోస్తూ పక్కకి తెరుచుకునే చేయికే) పెట్టారు, అది మంచి ఆలోచన. గొట్టం కిందికి వాలే వెబ్లీల్లో రాడ్ గొడవ లేదు, నక్షత్రం కింద మురికి మాత్రం వాటికీ తప్పదు.

ప్రతి చుట్టులో ఒకేచోట పట్టేస్తోంది

సిలిండర్ తెరిచి మెల్లగా తిప్పుతూ రాడ్ కొనను చూడండి. కొన ఊగుతుంటే రాడ్ వంగింది. వంగిన రాడ్‌ని సరిచేయడం తుపాకీ మిస్త్రీ పని. కొన ఊగకుండా, సిలిండర్ మూసినప్పుడు ఫ్రేమ్‌కీ క్రేన్‌కీ మధ్య సందు తేడాగా కనిపిస్తే ఎవరో సినిమాల్లోలా మణికట్టు విదిలించి సిలిండర్ మూశారన్నమాట. దయచేసి ఆ పని చేయకండి. ఎంత గట్టి ఫ్రేమ్ అయినా క్రేన్ వంగుతుంది.

సిలిండర్ ఊగుతోంది లేదా ఆలస్యంగా తాళం పడుతోంది

ఇక్కడే కోల్ట్ వాళ్లకూ స్మిత్ వాళ్లకూ వాదన పెరుగుతుంది. 1955లో వచ్చిన పైథాన్ లాంటి పాత కోల్ట్‌లో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుంటే సిలిండర్ పక్కలకు అసలు కదలకూడదు. హ్యాండ్ దాన్ని బోల్ట్ మీదికి నొక్కి ఉంచుతుంది. అదే దాని అందం, హ్యాండ్ అరగడానికీ అదే కారణం. స్మిత్‌లో ఆ సమయంలో కొంచెం కదలిక ఉండటం మామూలే. కోల్ట్ అలవాటున్నవాళ్లు దాన్ని చూసి "వదులైపోయింది" అంటారు. కాదు, దాని తయారీయే అంత.

నిజమైన పరీక్ష వేరు. గదుల్లో డమ్మీ తూటాలు పెట్టండి, వేలితో సిలిండర్‌ని లీలగా ఆనించి, హ్యామర్‌ని చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ ఆగే లోపు బోల్ట్ గుంటలో పడాలి, ఆరు గదులకూ. డమ్మీలు లేకుండా చేస్తే నక్షత్రంలో ఉండే చిన్న ఆట వల్ల మంచి స్మిత్ కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది. డమ్మీలతోనూ పడకపోతే హ్యాండ్ అరిగింది. పాత కోల్ట్ అయితే ఆ లోపలి పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. 2020లో మళ్లీ వచ్చిన పైథాన్ లోపలి యంత్రాంగం వేరు, పాతదాని సలహాలు దానికి వాడకండి.

ప్రైమర్ (తూటా వెనకుండే, మందుని అంటించే బిళ్ల) మీద దెబ్బ తేలికగా పడుతోంది

స్మిత్ పిడి ముందు వైపు కింద ఒక స్క్రూ ఉంటుంది, మెయిన్ స్ప్రింగ్‌ని నొక్కిపెట్టేది. ట్రిగ్గర్ తేలికవ్వాలని దాన్ని ఎవరో అరచుట్టు వదులు చేసి ఉంటారు. పూర్తిగా బిగించండి. అది సర్దుబాటు కోసం పెట్టింది కాదు.

.357 మాగ్నమ్ తూటాలు గదిలోకి పూర్తిగా దిగడం లేదు

.38 స్పెషల్ తొడుగు 1.155 అంగుళాలు, .357ది 1.29. పొట్టివి ఎక్కువగా కాలిస్తే వాటి మూతి దగ్గర మసి ఉంగరంలా పేరుకుంటుంది. గదుల్ని ఇత్తడి బ్రష్‌తో, ద్రావకంతో తోమండి, పోతుంది.

మిగతావి అరుదు. పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్, తేలికపాటి తుపాకీ కుదుపుకి తొడుగులోంచి ముందుకు జారి గొట్టానికి తగిలే గుండు: రెండూ తూటా లోపాలే, ఆ పెట్టెలోవి కాల్చకండి. సిలిండర్ ముందుకూ వెనక్కీ ఎక్కువగా ఆడుతుంటే ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులతో) కొలిపించి, సరిపోయే షిమ్ (పలుచటి వాషర్) వేయించండి.