ముక్కు ఆపరేషన్: గాలి కోసమా, అందం కోసమా? ఎలా తేల్చుకోవాలి?

ముక్కు ఆపరేషన్లు రెండు రకాలని అందరూ చెబుతారు. గాలి సరిగా ఆడటానికి చేసేది ఒకటి, అందానికి చేసేది ఇంకొకటి. మొదటిదానికి ఈఎన్‌టీ డాక్టరు, రెండోదానికి ప్లాస్టిక్ సర్జన్. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ లోపల గాలిదారిని నిలబెట్టే మెత్తటి ఎముకే, అంటే కార్టిలేజే, బయట ముక్కు ఆకారాన్నీ నిలబెడుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా ముందు ఒకటి చేయించేసుకుని, రెండు మూడేళ్లు పోయాక రెండోదాని కోసం వచ్చేవాళ్లను ఓపీలో చూసీ చూసీ విసుగొచ్చింది. అందుకే ఏది ముందో ఏది వెనకో వరసగా రాస్తున్నాను. దయచేసి వరస మార్చకండి.

1. కావలసినవి

ఒక నోటుబుక్కు, అరచేతిలో పట్టే చిన్న అద్దం, పాత రిపోర్టులు, ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు ఫొటోలు. ఫొటోలు మీరు తీసుకోకండి, అయిదు అడుగుల దూరం నుంచి ఇంకొకరిని తీయమనండి. చెయ్యి చాచి 12 అంగుళాల దూరంలో తీసుకున్న సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. సెల్ఫీ చూపించి "ఇది తగ్గించండి" అని అడిగేవాళ్లకు నేను మొదట ఫొటో మార్చుకు రమ్మనే చెబుతాను.

2. ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

మీ చేత్తో, మీ మాటల్లో. అమ్మ అన్నదీ, అత్తగారు అన్నదీ, పెళ్లిచూపుల్లో ఎవరో అన్నదీ వద్దు. "రాత్రి పడుకుంటే ఎడమవైపు గాలి ఆడదు." "పక్కనుంచి చూస్తే ముక్కు మీద గూని కనిపిస్తుంది, అది నాకు నచ్చదు." ఇలా ఉంటే చాలు.

ఆ వాక్యంలో గురక అని ఉంటే ఒక్క క్షణం ఆగండి. ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ, సరిచేసినంత మాత్రాన గురక పోవడం అరుదు. గొంతు, నాలుక, బరువు కూడా చూడాలి. నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి. తలనొప్పి అని ఉన్నా అంతే. తలనొప్పి ఒక్కదాని కోసం ముక్కు కోయించుకోకూడదు.

3. ఇంట్లో చూసుకోవాల్సినవి

అద్దాన్ని ముక్కు కింద అడ్డంగా పట్టుకుని నోరు మూసి మెల్లగా గాలి వదలండి. రెండు వైపులా ఆవిరి సమానంగా పడుతోందా? ఒక్కసారి చూసి తీర్మానించకండి. ముక్కులో ఒక వైపు కొన్ని గంటలు కాస్త మూసుకుని, తర్వాత రెండో వైపు మూసుకోవడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ జరిగేదే. వారం రోజులు పొద్దునా రాత్రీ చూసి రాసుకోండి. దిబ్బడ అటూ ఇటూ మారుతుంటే ఒక లెక్క, ఎప్పుడూ ఒకే వైపైతే ఇంకో లెక్క.

తర్వాత బుగ్గ మీద, ముక్కు పక్కన రెండు వేళ్లు పెట్టి చర్మాన్ని చెవి వైపు లాగి పీల్చండి. ఒక్కసారిగా గాలి బాగా ఆడితే ముక్కు పక్క గోడ బలహీనంగా ఉండే అవకాశం ఉంది. ఆ మాట డాక్టరుకు చెప్పండి. దూలం ఒక్కటే సరిచేస్తే ఇలాంటివాళ్లకు తీరదు.

4. ఆరు వారాలు మందు వాడండి

ఈ మెట్టు ఎక్కకుండా ఆపరేషన్‌కు తొందరపడేవాళ్లే ఎక్కువ. దిబ్బడ చాలామందిలో అలర్జీ వల్లా, ముక్కులోని కండ వాచడం వల్లా వస్తుంది. దానికి స్టెరాయిడ్ స్ప్రే ఉంది. డాక్టరు రాసింది నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే గానీ పనిచేస్తోందో లేదో తెలియదు. నా దగ్గర ఆరు వారాలే. నాలుగు రోజులు కొట్టి "పనిచేయలేదు" అంటే అది లెక్కలోకి రాదు.

తల కొంచెం ముందుకు వంచండి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, గొట్టం మొన కంటి బయటి కొస వైపు ఉండేలా పెట్టి నొక్కండి. నేరుగా మధ్య దూలం మీద కొడితే అక్కడ ఎండిపోయి పక్కులు కట్టి రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీల్చకండి, మందంతా గొంతులోకి పోతుంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందుల సంగతి వేరు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ ఉన్నవి అయిదు రోజులు దాటితే అవే దిబ్బడ తెచ్చిపెడతాయి. ఏళ్ల తరబడి దిండు కింద ఆ సీసా పెట్టుకుని పడుకునేవాళ్లున్నారు. ముందు ఆ సీసా మానాలి, ఆపరేషన్ మాట తర్వాత.

5. ఎండోస్కోపీ

సన్నటి గొట్టం లాంటి కెమెరాతో డాక్టరు ముక్కు లోపల చూడటం. అయిదు నిమిషాల పని. దిబ్బడ తగ్గించే చుక్కలు వేయకముందు ఒకసారి, వేసి పది నిమిషాలు ఆగాక ఇంకోసారి చూడమని అడగండి. చుక్కలు పడగానే దారి తెరుచుకుంటే తప్పు ప్రధానంగా వాచిన కండది. తెరుచుకోకపోతే దూలానిదో పక్క గోడదో. సైనస్ జబ్బు అనుమానం ఉంటేనే సీటీ స్కాన్ కావాలి.

స్కాన్ రిపోర్టులో "దూలం ఎడమకు వంకర" అని ఉందని హడలిపోయి వస్తారు. నూటికి నూరుపాళ్లు నిటారుగా ఉండే దూలం చాలా తక్కువమందిలో ఉంటుంది. వంకర ఉండటం జబ్బు కాదు. ఆ వంకర వల్ల మీకు గాలి ఆడకపోతేనే ఆపరేషన్.

6. ఒకటా, రెండూ కలిపా? ఇక్కడ నిదానించండి

పై అయిదూ ఎవరైనా చేసుకోగలరు. పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి.

ఒకమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. "సంబంధాలు చూస్తున్నాం మేడమ్, ముక్కు కాస్త పక్కకు ఒరిగింది, అందానికి ఆపరేషన్ చేయించేద్దామని" అంది తల్లి. అమ్మాయి మాట్లాడలేదు. పెదాలు కాస్త విడివడే ఉన్నాయి, ఎండి పగిలి ఉన్నాయి. స్టీలు పలక ముక్కు కింద పెట్టాను. కుడివైపు ఆవిరి పడింది, ఎడమవైపు పలక పొడిగానే ఉంది.

"రాత్రి పక్కన నీళ్ల సీసా పెట్టుకుంటావా అమ్మా?"

"రెండు మూడుసార్లు లేచి తాగుతాను మేడమ్."

"ఎప్పుడూ చెప్పలేదేమే?" అంది తల్లి.

"అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నా."

చిన్నప్పుడు తలుపు తగిలి ముక్కు మీద దెబ్బపడిందని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయికి పైన ఎముక ఒక్కటే నెట్టి నిటారుగా చేస్తే అందం కొన్నాళ్లుంటుంది. లోపలి దూలం దాన్ని మళ్లీ ఎడమకే లాగుతుంది, గాలి ఎప్పటిలాగే ఆడదు. బయటికి ఒరిగి కనిపించే ముక్కులో శ్వాసనూ అందాన్నీ విడదీయలేం. రెండూ ఒకేసారి చేయాలి. దీన్నే సెప్టోరైనోప్లాస్టీ అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. దూలం సరిచేసేటప్పుడు వంగిన కార్టిలేజ్‌లో కొంత తీసేస్తారు. ముక్కుకు ఊతంగా పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ వదలాలి. అది కూడా పోతే పెంకుటింటికి దూలం తీసేసినట్టే, ముక్కు నడుమ కుంగిపోతుంది. ఇలా తీసిన కార్టిలేజ్ ముక్కే అందం ఆపరేషన్‌కు కావాల్సిన సరుకు. కొనకు ఊతం ఇవ్వాలన్నా, చప్పిడి ముక్కును పైకి లేపాలన్నా, పక్క గోడ కూలకుండా నిలపాలన్నా సర్జన్ మొదట చూసేది దీనికోసమే. నిటారుగా, గట్టిగా, పల్చగా, ఇంకో చోట కోత లేకుండా దొరుకుతుంది.

మొదటి ఆపరేషన్‌లో దాన్ని తీసి పారేస్తే రెండేళ్ల తర్వాత ఏముంటుంది? చెవి నుంచి తీయాలి, అది మెత్తన, పైగా వంపు తిరిగి ఉంటుంది. లేదా పక్కటెముక దగ్గర కోయాలి. ఛాతీ మీద మచ్చ, నొప్పి, పైగా ఆ ముక్క కాలక్రమంలో వంగే ప్రమాదమూ ఉంది. సిలికాన్ పెడతాం అనేవాళ్లున్నారు. అది ఇన్ఫెక్షన్ వచ్చి చర్మం చీల్చుకుని బయటికి రావచ్చు. ఇవి కాక, ఒకసారి విడదీసిన పొరలు మచ్చకట్టి అతుక్కుపోతాయి, రెండోసారి విడదీస్తుంటే చిరిగి దూలానికి రంధ్రం పడవచ్చు. అందుకే నా నియమం ఇది: ఆకారం మీద మీకు ఏ కాస్త అసంతృప్తి ఉన్నా, ఆ మాట తేలేదాకా దూలం ఆపరేషన్ చేయించుకోకండి. ఊపిరి మరీ కష్టంగా ఉండి ఆగలేనివాళ్లు కార్టిలేజ్‌ను వీలైనంత దాచమని సర్జన్‌కు ముందే చెప్పాలి.

అటునుంచి వచ్చే పొరపాటు ఇంకా బాధాకరం. శ్వాస బాగానే ఉన్నవాళ్లు అందానికని వెళతారు. ముక్కు మీద గూని చెక్కితే పైకప్పు తెరుచుకుంటుంది, రెండు పక్కల కార్టిలేజ్‌లు లోపలికి వాలతాయి. ముక్కులో గాలిదారి అన్నిటికంటే ఇరుకుగా ఉండేది సరిగ్గా అక్కడే. దానికి విరుగుడుగా దూలానికి రెండు వైపులా సన్నటి పట్టీలు కుడతారు, స్ప్రెడర్ గ్రాఫ్టులంటారు. "గూని తీశాక మధ్య భాగానికి ఊతం ఎలా ఇస్తారు?" అని సర్జన్‌ను అడగండి. ఈ ప్రశ్నకు బొమ్మ గీసి చూపించేవాళ్ల దగ్గర చేయించుకోండి. "అవన్నీ మీకెందుకు" అన్నవాళ్ల దగ్గరినుంచి లేచి వచ్చేయండి. రంధ్రాలు చిన్నవి చేయించుకోవడం విషయంలోనూ ఇంతే జాగ్రత్త. కోసి తీసేసినదాన్ని తిరిగి పెట్టడం చాలా కష్టం.

మూడో పొరపాటు, "పనిలో పనిగా". దూలం ఆపరేషన్‌కు తేదీ కుదిరాక, ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి "ఎలాగూ మత్తు ఇస్తున్నారు కదా మేడమ్, కాస్త కొన కూడా సన్నం చేయండి" అంటారు. ఆ రోజు ఆపరేషన్ నేను వాయిదా వేస్తాను. కొన సన్నం చేయడం వేరే ఆపరేషన్, వేరే కొలతలు. పైగా మనలో చాలామందికి ముక్కు కొన మీద చర్మం దళసరి. కింద ఎంత చెక్కినా దళసరి చర్మం దానికి తగ్గట్టు ముడుచుకోదు. కోటేరు ముక్కు ఫొటో పట్టుకొచ్చి ఇలాగే కావాలంటే కుదరదు. మీ ముక్కులో మీకు ఎంతవరకు మార్పు వస్తుందో అదే అడగండి.

కోత లేకుండా సూదితో ముక్కు సరిచేస్తామనే ఫిల్లర్ల గురించి కూడా అడుగుతుంటారు. నేను వద్దంటాను. ముక్కు దగ్గరి రక్తనాళాలకు కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది. మందు నాళంలోకి పోతే చర్మం నల్లబడి కుళ్లిపోవచ్చు, చూపే పోవచ్చు. బ్యూటీ క్లినిక్‌లో డాక్టరు కానివాళ్ల చేత చేయించుకోవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంకొక్క మాట. రోజూ గంటలకొద్దీ అద్దం ముందు గడుపుతూ, ముక్కు వల్ల బయటికి వెళ్లడం మానేసి, ఇద్దరు ముగ్గురు సర్జన్లు ఏ లోపమూ లేదన్నా నమ్మకం కుదరకపోతే ముందు మానసిక వైద్యుణ్ని కలవండి. అలాంటప్పుడు చేసిన ఆపరేషన్ ఎంత బాగా కుదిరినా మీకు తృప్తినివ్వదు.

7. డబ్బు

ఇన్సూరెన్స్ పాలసీల్లో అందానికి చేసే సర్జరీ మినహాయింపుల్లో ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత తిరిగి సరిచేసేదీ, ఆరోగ్యానికి తక్షణ ముప్పు తప్పించడానికి వైద్యపరంగా తప్పనిసరైనదీ వేరు. దూలం ఆపరేషన్ వర్తిస్తుంది గానీ చాలా పాలసీల్లో 24 నెలలు ఆగాలి. అందానికి చేసేదానికి 18 శాతం జీఎస్టీ పడుతుంది, పుట్టుకతో వచ్చిన లోపానికీ దెబ్బకూ చేసేదానికి పడదు. రెండూ కలిపి చేయించుకుంటే బిల్లులు విడివిడిగా రాయించండి. అందం పనిని దూలం పేరుతో క్లెయిము పెట్టమని అడగకండి, అది మోసం. క్లెయిము మొత్తం పోతుంది.

8. ఎప్పుడు, ఎవరితో

ముఖం ఎదుగుదల ఆగాకే. ఆడపిల్లలకు 16, మగపిల్లలకు 18 అని చాలామంది అంటారు, నా దగ్గర ఇద్దరికీ 18 నిండాలి. పెళ్లికి ఆరు నెలల ముందు వరకే తేదీ ఇస్తాను, తర్వాత ఇవ్వను. ఈఎన్‌టీనా ప్లాస్టిక్ సర్జనా అనే తగువులో సమయం వృథా చేసుకోకండి. లోపల ఎండోస్కోపుతో చూసి, బయట ఫొటోల మీద కొలతలు గీసి, రెండిటి గురించీ ఒకే మాటగా చెప్పేవాళ్లు కావాలి. ఒకరే అయినా సరే, ఇద్దరు కలిసి చేసినా సరే.

సిగరెట్ నాలుగు వారాల ముందు మానాలి. ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, గుండె కోసం వాడుతున్నవి మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

9. తర్వాత

పైన పట్టీ వారం రోజులు. కళ్ల కింద నలుపు రెండు వారాల్లో పోతుంది. ఎముక కదిపి ఉంటే కళ్లజోడు ముక్కు మీద ఆనించడం, క్రికెట్, కబడ్డీ ఆరు వారాలు వద్దు. ముక్కు చీదకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. వాపు పూర్తిగా తీయడానికి ఏడాది పడుతుంది, కొన దగ్గర అన్నిటికంటే ఆలస్యం. ఏడాది కాకముందే నచ్చలేదని ఇంకో చోట మళ్లీ కోయించుకోకండి.

ఒక్కదానికి మాత్రం ఆగవద్దు. ఆపరేషన్ తర్వాత గానీ, ముక్కు మీద దెబ్బ తగిలాక గానీ, రెండు వైపులా పూర్తిగా మూసుకుపోయి, లోపల ఎర్రగా ఉబ్బి, నొప్పి పెరుగుతుంటే దూలం పొరల్లో రక్తం గూడుకట్టి ఉండొచ్చు. జ్వరం కూడా ఉంటే అది చీము పట్టిందేమో చూడాలి. తీయకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే కార్టిలేజ్ చచ్చిపోతుంది. పొద్దున వెళదాంలే అనుకోకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.