బండిని కొత్త మెకానిక్‌కు అప్పగించే ముందు జాగ్రత్తలు

నల్లగొండ గడియారం సెంటరు చుట్టుపక్కల మెకానిక్ షెడ్లకు కొదవ లేదు. కొత్త షెడ్డును నమ్మే ముందు మీ వీధిలో పాలు పోసేవారినో, ఆటో నడిపేవారినో అడగండి. బండి ఆగితే ఆ పూట సంపాదన పోయేవారి మాటకు బోర్డు మీది రాతల కంటే విలువ ఎక్కువ.

మొదటిసారే ఇంజన్ పని ఇవ్వకుండా, ఆయిల్ మార్పుతో పరీక్షించండి. డబ్బా సీలు మీ ఎదుటే తీయించండి.

విడిభాగాలకు ఎంత, కూలికి ఎంత అన్నది వేర్వేరుగా కాగితంపై రాయించుకొని, అంతకు మించిన పని బయటపడితే ఫోన్‌లో అడిగాకే ముట్టుకోవాలని ముందే చెప్పండి. తీసేసిన పాత భాగాలను అడిగి తీసుకోండి. చైను మార్చాలంటే స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు కూడా చూపించమనండి: అవి కొక్కెంలా వంగి, మొనదేలి ఉంటే సెట్టు మొత్తం మార్చక తప్పదు, ఎందుకంటే పాత పళ్లపై వేసిన కొత్త చైను త్వరగా అరిగిపోతుంది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

చేతిలో డబ్బు తక్కువుంటే సిగ్గుపడకుండా ఆ మాటే చెప్పి, బ్రేకులు, టైర్లు ముందు, సీటు కవరు తర్వాత అని వరుస పెట్టించండి.

అప్పగించేటప్పుడు మీటరు రీడింగును, పెట్రోలు ముల్లును ఫోటో తీసుకోండి. ఒకసారి ఈ పని మరిచి, నిండు ట్యాంకుతో ఇచ్చిన బండిని రిజర్వులో ఇంటికి తెచ్చుకున్నాను.