షటిల్ వెనక గీత దాకా పోవట్లేదా? ముందు షాఫ్ట్ వంచి చూడండి

హన్మకొండలో పొద్దున్నే షటిల్ ఆడే చాలామందిది ఇదే బాధ: ఎంత బలంగా కొట్టినా అవతలి వెనక గీత దాకా పోదు. వెంటనే ఖరీదైన రాకెట్ కొంటారు. దాని షాఫ్ట్ (పిడికీ ఫ్రేమ్‌కూ మధ్య సన్నని కడ్డీ) గట్టిదైతే చెయ్యి ఇంకా గుంజుతది.

కొనేముందు షాఫ్ట్ మీదో, పిడి పైన కోన్ మీదో చూడండి. చాలా రాకెట్లకు ఫ్లెక్సిబుల్ (వంగేది), మీడియం, స్టిఫ్ (గట్టిది) అని రాసి ఉంటది. లేకుంటే ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో ఫ్రేమ్ కొస పట్టుకుని మెల్లగా వంచండి. రెండు మూడు పక్కపక్కన వంచితేనే తేడా తెలుస్తది.

చెయ్యి నెమ్మదిగా తిరిగేవాళ్లకు వంగే షాఫ్టే మేలు. వెనక్కి వంగి లేస్తూ షటిల్‌ను నెడుతుంది. చెయ్యి వేగంగా విసిరేవాళ్లకు గట్టిదే నయం, మెత్తదైతే గురి తప్పుతుంది. తోటి ఆటగాళ్ల దగ్గర రెండు రకాలూ అడిగి తీసుకుని, వెనక గీత నుంచి పదేసి క్లియర్లు (అవతలి వెనక గీత దాకా ఎత్తుగా కొట్టే షాట్లు) కొట్టండి. రెండూ 4యూ (80–84 గ్రాముల) బరువే, గట్టింగ్ (తీగల బిగువు) 20–22 పౌండ్లే ఉండాలి, లేకపోతే పోలిక కుదరదు.

డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు. చలిగాలిలో షటిలే నెమ్మదిగా పోతది, మంచి రాకెట్ కూడా చెడ్డదిగా కనిపిస్తది.