ఎండలు ముదరకముందే బ్యాటరీ గదిలో డేటా లాగర్: పెట్టేముందు జాగ్రత్తలు

లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఎండాకాలం గడ్డుకాలం. తయారీదారులు చెప్పే ఆయుష్షు చాలావరకు 20 లేదా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్కగట్టింది. అంతకంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో నడిస్తే ఆ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ఇన్వర్టర్‌కో సోలార్‌కో బ్యాటరీలు పెట్టుకున్నవారు ఉష్ణోగ్రతనూ వోల్టేజీనీ కలిపి నమోదు చేసే డేటా లాగర్‌ను ఎండలకు ముందే బిగించుకోవడం మంచిది. కాకపోతే లాగర్‌తో ఒక చిక్కుంది. ప్రోబ్ (ఉష్ణోగ్రత కొలిచే కొస) ఊడి గాల్లో వేలాడుతున్నా, లగ్గు (వైరు చివర ఉండే లోహపు రింగు) వదులైనా అది ఏదో ఒక అంకె రాస్తూనే ఉంటుంది. మూడు నెలల తర్వాత గ్రాఫ్ తీస్తే గీత నున్నగానే కనిపిస్తుంది, అది బ్యాటరీ గురించి చెబుతోందో గోడ గురించి చెబుతోందో మాత్రం తేల్చుకోలేం. అందుకే కొన్న మోడల్ కంటే వైర్ల కొసలు ఎక్కడ, ఎలా బిగించారన్నదే ముఖ్యం.

ముందు ఏం పట్టుకోవాలనుకుంటున్నామో లెక్క చూసుకోవాలి. వేడి పెరిగేకొద్దీ ఛార్జింగ్ వోల్టేజ్ తగ్గాలి, సెల్‌కు డిగ్రీకి 3 నుంచి 5 మిల్లీవోల్టుల చొప్పున. 12 వోల్టుల బ్యాటరీలో 6 సెల్స్ ఉంటాయి కాబట్టి డిగ్రీకి 18 నుంచి 30 మిల్లీవోల్టులు. 25 డిగ్రీల దగ్గర 13.6 వోల్టుల ఫ్లోట్ (నిండిన బ్యాటరీని నిండుగానే నిలిపే వోల్టేజ్) పెట్టిన బ్యాటరీ 40 డిగ్రీలకు చేరిందనుకోండి. తక్కువలో తక్కువ లెక్క వేసినా 0.27 వోల్టు తగ్గి 13.33 దగ్గర ఉండాలి. ఛార్జర్ ఆ పని చేయకపోతే కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటుకు వేడి పెరుగుతుంది, ఆ వేడికి మళ్లీ కరెంటు. నీళ్లు పోసే బ్యాటరీ అయితే నీళ్లు గబగబా తగ్గిపోతాయి. సీల్డ్ రకమైతే పక్కలు ఉబ్బుతాయి. వోల్టేజ్ ఒక్కటే రాసుకుంటే 13.6 చూసి అంతా బాగుందనుకుంటాం. ఉష్ణోగ్రత ఒక్కటే రాసుకుంటే ఎండ కదా అని సరిపెట్టుకుంటాం. రెండూ ఒకే గడియారం మీద పక్కపక్కన ఉంటేనే ఈ పావు వోల్టు తేడా బయటపడుతుంది.

వోల్టేజ్ కొలత: పావు వోల్టు తప్పిపోయే చోట్లు

కొనే లాగర్ అయినా, మైక్రోకంట్రోలర్‌తో సొంతంగా చేసుకునేది అయినా, ముందు ఒక్క మెట్టుకు, అంటే అది గుర్తించగల అతి చిన్న మార్పుకు, ఎన్ని మిల్లీవోల్టులో చూడండి. 5 వోల్టుల రిఫరెన్స్‌తో (పోల్చి కొలిచేందుకు వాడే వోల్టేజ్) 10 బిట్ కన్వర్టర్‌కు (వోల్టేజీని అంకెగా మార్చే చిప్) 1024 మెట్లు, మెట్టుకు 4.88 మిల్లీవోల్టులు. బ్యాటరీ వోల్టేజ్‌ను 100 కిలో ఓమ్, 20 కిలో ఓమ్ రెసిస్టర్లతో ఆరో వంతుకు దించితే బ్యాటరీ వైపు ఒక్కో మెట్టు 29 మిల్లీవోల్టులు అవుతుంది. అంటే ఒక డిగ్రీకి రావలసిన మార్పు ఒక మెట్టు కూడా కాకపోవచ్చు. 12 బిట్ అయితే మెట్టు సుమారు 7 మిల్లీవోల్టులు, ఈ పనికి అది చాలు. 16 బిట్ అయితే నిశ్చింత.

మెట్లు సన్నగా ఉన్నంత మాత్రాన అంకె సరైనదని కాదు. 1 శాతం తేడా ఉన్న రెండు రెసిస్టర్లు ఒకటి పైకి, ఒకటి కిందికి తప్పితే వోల్టేజీని దించే ఈ జతలో (డివైడర్) మొత్తం తప్పు 1.67 శాతం దాకా వెళ్తుంది. 13.6 వోల్టుల మీద అది 0.23 వోల్టు, మనం వెతుకుతున్న తేడా అంతే! కాబట్టి కాలిబ్రేట్ చేయకుండా బిగించవద్దు. నమ్మకమైన మల్టీమీటర్‌ను అవే టెర్మినళ్ల మీద పెట్టి ఒకసారి 12 దగ్గర, ఒకసారి 14 దగ్గర రీడింగ్ తీసుకుని, లాగర్ చూపే అంకెను ఆ రెండు చోట్లా సరిచేయండి. రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్ రకం వాడండి, వేడికి విలువ అంతగా మారదు. కింది రెసిస్టర్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఇన్వర్టర్ నుంచి వచ్చే గజిబిజి చాలావరకు అణుగుతుంది.

సొంతంగా చేసుకునేవారు ఎక్కువగా పడే గొయ్యి రిఫరెన్స్. బోర్డుకు వచ్చే 5 వోల్టుల సప్లైనే రిఫరెన్స్‌గా వాడితే, ఆ సప్లై 4.75కు తగ్గినప్పుడు బ్యాటరీ వోల్టేజ్ 5 శాతం పెరిగినట్టు కనబడుతుంది. ఫోన్ ఛార్జర్ మార్చిన రోజున గ్రాఫ్ ఒక మెట్టు ఎక్కిందంటే కారణం ఇదే. విడిగా స్థిరమైన రిఫరెన్స్ ఉన్న కన్వర్టర్ వాడాలి.

ఇక వైర్లు. వోల్టేజ్ కొలిచే రెండు వైర్లూ బ్యాటరీ టెర్మినల్ మీదికే రావాలి. ఇన్వర్టర్ దగ్గర చేతికందిన స్క్రూకు బిగిస్తే కేబుల్‌లో పోయే వోల్టేజ్ కూడా లెక్కలోకి వస్తుంది. 10 మిల్లీఓమ్‌ల నిరోధమున్న కేబుల్‌లో 20 ఆంపియర్లు పోతుంటే 0.2 వోల్టు అక్కడే తేడా. లాగర్ తన కరెంటును కూడా ఈ కొలిచే వైర్లలోంచే లాక్కోకూడదు, దానికి వేరే జత వేయండి. గోడ ప్లగ్గు అడాప్టర్ మీద నడిపితే మరీ నష్టం. కరెంటు పోయిన గంటల్లోనే బ్యాటరీ అసలు పని చేస్తుంది, సరిగ్గా అప్పుడే లాగర్ ఆగిపోతుంది.

లగ్గు పెట్టే తీరు కూడా చూడండి. మెయిన్ కేబుల్ లగ్గు టెర్మినల్‌ను నేరుగా తాకుతూ అడుగున ఉండాలి. లాగర్ తాలూకు చిన్న లగ్గు దాని పైన, వాషర్ కింద. చిన్న లగ్గును మధ్యలో ఇరికిస్తే మెయిన్ కేబుల్ ఆనే చోటు తగ్గి, భారీ కరెంటు పోయేటప్పుడు అక్కడే వేడెక్కుతుంది. మొసలి క్లిప్పులు ఒక పూట పరీక్షకు సరే, నెలల తరబడి వద్దు. యాసిడ్ ఆవిరికి పచ్చబడి, రీడింగ్ ఎగుడుదిగుడుగా వస్తుంది.

ప్రమాదం ఉన్న పని ఇక్కడ

పెద్ద బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు దూకుతాయి. స్పానర్ ఒక క్షణం రెండు టెర్మినళ్లను తాకితే చాలు. ఉంగరాలు, గడియారం, గొలుసు తీసేసి, స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేప్ దట్టంగా చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని మొదలుపెట్టండి. ఛార్జ్ అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వతో అంటుకుంటుంది. ఛార్జర్ ఆపి, తలుపులు తీసి, గాలి ఆడనిచ్చాకే చేయి పెట్టండి. టంకం పని గది బయటే ముగించుకుని రండి.

పాజిటివ్ వైరుకు 0.5 నుంచి 1 ఆంపియర్ ఫ్యూజ్ తప్పనిసరి. అది లాగర్ దగ్గర కాదు, బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు లోపు ఉండాలి. లాగర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడ నలిగినా దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. బ్యాటరీలు వరుసగా కలిపిన 48 వోల్టుల బ్యాంకు అయితే ఫ్యూజ్ మీద డీసీ వోల్టేజ్ రేటింగ్ ఉందో లేదో చూడండి. ఏసీలో సులువుగా ఆరిపోయే ఆర్క్ డీసీలో ఆరదు. బిగించే వరుస ఇదీ: ముందు లాగర్ వైపు కనెక్షన్లు, తర్వాత బ్యాటరీ నెగటివ్, తర్వాత ఫ్యూజ్ తీసి ఉంచిన పాజిటివ్, అన్నిటికంటే చివర ఫ్యూజ్.

ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన నాలుగు బ్యాటరీలను విడివిడిగా కొలవాలనుకునేవారు ఇది రెండుసార్లు చదవండి. మామూలు లాగర్‌లో అన్ని చానెళ్ల (కొలత ఇన్‌పుట్ల) నెగటివ్‌లూ లోపల ఒకటే. మొదటి చానెల్ నెగటివ్ ఒక బ్యాటరీకి, రెండో చానెల్ నెగటివ్ పై బ్యాటరీకి కలిపితే మధ్యనున్న బ్యాటరీని లాగర్ గుండా షార్ట్ చేసినట్టే. వైరు కాలుతుంది, బోర్డు పోతుంది. దీనికి డిఫరెన్షియల్ లేదా ఐసొలేటెడ్ ఇన్‌పుట్లు, అంటే నెగటివ్‌లు లోపల కలవనివి, ఉన్న లాగర్ కావాలి. లేదా ఒక్కో బ్యాటరీకి సొంత సెల్‌తో నడిచే విడి లాగర్ పెట్టాలి. లాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపేటప్పుడు కూడా ఇదే చూడండి. ఎర్త్ ఉన్న అడాప్టర్ మీద నడిచే లాప్‌టాప్ లాగర్ నెగటివ్‌ను భూమికి కలిపేస్తుంది. డేటా దించుకునేటప్పుడు అడాప్టర్ పీకి, లాప్‌టాప్ సొంత బ్యాటరీ మీద నడపండి. మెయిన్స్ 230 వోల్టులను ఈ ఇన్‌పుట్లకు ఏ డివైడర్‌తోనూ నేరుగా కలపవద్దు. దాని శిఖరం 325 వోల్టులు.

ప్రోబ్ ఎక్కడ, ఎలా

వరుసలో మధ్య బ్యాటరీని ఎంచుకోండి, రెండు పక్కలా పొరుగు ఉండటంతో అదే ఎక్కువ వేడెక్కుతుంది. దాని పక్క గోడకు, సగం ఎత్తులో, లోపల ద్రావణం తగిలే మట్టానికి కింద ప్రోబ్ ఆనించాలి. బ్యాటరీ పైమూత మీద వద్దు, అక్కడ గాలి వేడి కలుస్తుంది. ప్రోబ్‌కు పలచగా థర్మల్ పేస్ట్ రాసి, టేపుతో అదిమి, దాని మీద 5 సెంటీమీటర్ల చదరపు ఫోమ్ ముక్క, 2 సెంటీమీటర్ల మందంది, కప్పి మళ్లీ టేపు వేయండి. ఈ ఫోమ్ లేకపోతే ప్రోబ్ ఒక వైపు బ్యాటరీని, మరో వైపు ఫ్యాన్ గాలిని చూస్తూ మధ్యస్థంగా ఏదో చెబుతుంది. స్టీల్ తొడుగు ఏ టెర్మినల్‌కూ తగలకూడదు. రెండో ప్రోబ్ గది గాలికి, ఛార్జర్ ఫ్యాన్‌కు ఎదురుగా కాకుండా నీడలో. రెండింటి తేడా చూస్తే వేడి బయటి నుంచి వస్తోందా, బ్యాటరీ లోపలే పుడుతోందా తెలుస్తుంది.

డీఎస్18బీ20 సెన్సర్ ఈ పనికి చాలినంత మంచిది. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూఇటూగా చెబుతుంది. డేటా లైనుకు, సప్లైకి మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ మరవద్దు, మూడు వైర్లూ వాడండి. ఫైలులో సరిగ్గా 85.0 కనబడితే బ్యాటరీ మరిగిపోతోందని కంగారు పడకండి. కరెంటు తగలగానే ఆ చిప్‌లో ఉండే తొలి విలువ అది. కొలత పూర్తవడానికి 12 బిట్‌లో 750 మిల్లీసెకన్లు పడుతుంది, అంతకుముందే చదివితే అదే వస్తుంది. మైనస్ 127 వస్తే సెన్సర్ పలకలేదని అర్థం, వైరు చూడండి.

కె టైప్ థర్మోకపుల్ (రెండు లోహాల తీగలు కలిపిన ఉష్ణోగ్రత సెన్సర్) డిగ్రీకి 41 మైక్రోవోల్టులే ఇస్తుంది, ఇన్వర్టర్ పక్కన అది అనవసరపు తలనొప్పి. అదే వాడవలసి వస్తే పొడిగింపు వైరు కూడా కె రకందే ఉండాలి. రంగులతో జాగ్రత్త: అమెరికన్ పద్ధతిలో ఎరుపు నెగటివ్. వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు అంకె తగ్గితే వైర్లు తిరగబడ్డాయి. పీటీ100 (వేడికి నిరోధం మారే ప్లాటినం సెన్సర్) రెండు వైర్లతో వాడితే 1 ఓమ్ వైరు నిరోధం 2.6 డిగ్రీల తప్పు తెస్తుంది, మూడు లేదా నాలుగు వైర్ల రకం తీసుకోండి.

బిగించేముందు ప్రతి ప్రోబ్‌నూ ఐస్‌లో పరీక్షించాలి. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐస్‌ను బాగా చితక్కొట్టి ఫ్లాస్కు నిండా వేసి, సందులు నిండేంత మాత్రమే అదే నీళ్లు పోయండి. ఐస్ తేలిపోయేన్ని నీళ్లు పోస్తే అడుగున నీరు 4 డిగ్రీల దాకా ఉండవచ్చు. ప్రోబ్‌ను మధ్యలో, గోడకూ అడుగుకూ తగలకుండా ఉంచి, కలుపుతూ 10 నిమిషాలు ఆగండి. చూపిన అంకె 0.4 అయితే ఆ ప్రోబ్‌కు మైనస్ 0.4 సవరణ. ప్రోబ్ మీదే టేపు అంటించి రాసుకోండి.

గడియారం, వ్యవధి, మెమరీ

32,000 రీడింగులు పట్టే లాగర్‌లో మూడు చానెళ్లు వాడితే ఒక్కోదానికి 10,666. నిమిషానికొకటి చొప్పున అది ఏడు రోజులకే నిండుతుంది, 5 నిమిషాలకొకటి అయితే 37 రోజులు వస్తుంది. వేడికి 5 నిమిషాలు చాలు. వోల్టేజ్ మాత్రం మోటార్ మొదలైన క్షణంలో పడిపోయి లేస్తుంది, ఆ పాటు రెండు రీడింగుల మధ్య జారిపోతుంది. వ్యవధిలోని కనిష్ఠాన్ని కూడా రాసే ఐచ్ఛికం ఉంటే దాన్ని తప్పక ఆన్ చేయండి. మెమరీ నిండాక ఆగిపోవాలా, పాతదాని మీద రాయాలా అన్నది కూడా ముందే ఎంచుకోవాలి. వేసవి మధ్యలో ఎవరూ చూడకపోతే, పాతది చెరిపి రాయడమే మేలు.

మామూలు క్రిస్టల్ గడియారం 20 పీపీఎమ్ (పది లక్షల్లో 20 వంతులు) తప్పుతో నెలకు 50 సెకన్ల పైగా జరుగుతుంది. ఒకే లాగర్ అయితే ఫరవాలేదు, రెండు లాగర్లను పోల్చాలంటే మాత్రం రెండింటి సమయం ఒకే లాప్‌టాప్‌తో ఒకే రోజు సరిచేయండి. మెమరీ కార్డు రకమైతే ప్రతి వరుస తర్వాత ఫైలు సేవ్ అయ్యేలా ప్రోగ్రామ్ ఉండాలి, రాస్తుండగా కార్డు పీకకూడదు. పెట్టెను గోడకు, బ్యాటరీల పైన కాకుండా పక్కగా పెట్టండి, పైకి లేచే ఆవిరి బోర్డును తినేస్తుంది. వైర్లు పెట్టె అడుగు నుంచి వెళ్లాలి. గది బయటికి పోయే పొడవాటి ప్రోబ్ వైరు ఉంటే ఉరుములు మొదలయ్యేలోపు విప్పేయండి.

మొదటి రెండు రోజులు పొద్దున, మధ్యాహ్నం మల్టీమీటర్ రీడింగ్ తీసి సమయంతో సహా కాగితం మీద రాసి, లాగర్ ఫైలుతో పోల్చండి. 0.03 వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే లగ్గుల దగ్గర మొదలుపెట్టి వెతకండి. బ్యాటరీ 50 డిగ్రీలు దాటితే లాగర్ సరిగా చెబుతోందా అని ఆలోచిస్తూ కూర్చోక, ముందు ఛార్జింగ్ ఆపండి.

ఎండలు తగ్గాక విప్పేటప్పుడు వరుస తిరగేయండి: ముందు డేటా దించుకోవడం, తర్వాత ఫ్యూజ్, తర్వాత పాజిటివ్, చివర నెగటివ్. ప్రోబ్‌ను కడిగి మళ్లీ ఐస్‌లో పెట్టండి. మొదట 0.4 చూపింది ఇప్పుడు 1.2 చూపిస్తే, ఆ వేసవి ఫైలు పేరు పక్కనే ఆ రెండు అంకెలూ రాసి ఉంచండి.