ఈపీడీకి దరఖాస్తు: ఫారం కంటే ముందు ఫ్యాక్టరీ లెక్కలు

"మీ సరుకుకు ఈపీడీ ఉందా?" అని కొనుగోలుదారు నుంచి ఒక మెయిల్ వస్తుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్. చాలామంది వెంటనే దరఖాస్తు ఫారం కోసం వెతుకుతారు. ఫారం నింపడం ఒక పూట పని. దాని వెనకుండే లెక్కలకు మాత్రం నెలలు పడతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ లెక్కలకే ఇస్తున్నాను.

ఈపీడీ అంటే పర్యావరణ ఉత్పత్తి ప్రకటన. ముడిసరుకు తవ్వడం దగ్గర్నుంచి తయారీ, రవాణా, చివరికి పారేయడం దాకా ఒక వస్తువు వల్ల గాలికి, నీటికి, నేలకు ఎంత భారమో అంకెల్లో చెప్పే పత్రం ఇది. ఐఎస్‌ఓ 14025 ప్రమాణం దీనికి ఆధారం. "ఇది పర్యావరణానికి మంచి వస్తువు" అని ఎవరో ఇచ్చే ముద్ర కాదు. భారం ఎక్కువున్న వస్తువుకూ ఈపీడీ వస్తుంది. లెక్క నిజమైనదై, బయటివారు సరిచూసినదై ఉండాలి, అంతే. నాకు ఈ పద్ధతి మీద గౌరవం కలిగింది అందుకే.

ఎవరికి దరఖాస్తు చేయాలి?

ఈపీడీలను నమోదు చేసి ప్రచురించే సంస్థను ప్రోగ్రామ్ ఆపరేటర్ అంటారు. ప్రభుత్వ సంస్థ కావచ్చు, పరిశ్రమల సంఘం కావచ్చు, స్వతంత్ర సంస్థ కావచ్చు. స్వీడన్ కేంద్రంగా నడిచే ఇంటర్నేషనల్ ఈపీడీ సిస్టమ్, జర్మనీలోని ఐబీయూ బాగా తెలిసిన పేర్లు. ఎవరి ఈపీడీ చెల్లుతుందో ముందు కొనుగోలుదారునే అడగండి. నమోదు ఫీజుతో పాటు ఏటా కట్టాల్సింది ఏమైనా ఉందా అన్నదీ ఆపరేటర్‌ను రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

తర్వాత మీ వస్తువుకు సరిపోయే పీసీఆర్, అంటే ఉత్పత్తి వర్గ నియమాలు, వెతకాలి. ఏ కొలతకు (టన్నుకా, చదరపు మీటరుకా) లెక్కగట్టాలి, ఏ దశలు కలపాలి, ఏ సూచికలు (భారాన్ని చెప్పే అంకెలు) చూపాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. నిర్మాణ సామగ్రికి యూరప్ ప్రమాణం ఈఎన్ 15804 మూలం. 2019 సవరణ తర్వాత, కొన్ని మినహాయింపులు తప్ప, వస్తువు ఆయుష్షు తీరాక జరిగేదీ లెక్కలోకి రావాల్సిందే. పీసీఆర్ గడువు తేదీ తప్పకుండా చూడండి. పని సగంలో ఉండగా గడువు తీరిపోతే కొత్త నియమాల ప్రకారం మళ్లీ లెక్క కట్టాల్సి రావచ్చు.

డేటా సేకరణ

ఒక పూర్తి ఏడాది లెక్కలు తీయండి. కరెంటు బిల్లులు, జనరేటర్ లాగ్ బుక్, బాయిలర్ ఇంధనం, నీళ్లు, ముడిసరుకు కొనుగోళ్లు, ప్యాకింగ్, వ్యర్థాలు ఎవరికి ఎంత ఇచ్చారు అన్న రసీదులు. రవాణాకు బరువు, దూరం రెండూ కావాలి. జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో రాస్తే సరిపోదు, ఎన్ని లీటర్లు పోశారో కావాలి. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. కాబట్టి లీటర్ల దగ్గర అంచనా తప్పితే అక్కడి నుంచి అన్నీ తప్పుతాయి.

ఇవి చేతికి రాగానే బరువుల లెక్క సరిపోల్చండి. ఉదాహరణకు ఏడాదిలో 1,000 టన్నుల ముడిసరుకు లోపలికి వచ్చింది. 930 టన్నుల సరుకు బయటికి వెళ్లింది, 40 టన్నుల స్క్రాప్ అమ్మారు. మిగతా 30 టన్నులు ఏమైనట్టు? ఆరబెట్టేటప్పుడు తేమ ఆవిరై పోయిందా, గోడౌన్‌లో నిల్వ పెరిగిందా, ఊడ్చి పారేసినది ఎవరూ తూచలేదా? ఈ ప్రశ్న వెరిఫైయర్, అంటే లెక్కలు సరిచూసే బయటి వ్యక్తి, అడగక ముందే మీరు వేసుకోవాలి.

బిల్లుల్లో కనిపించని భారమూ ఉంటుంది. సున్నపురాయిని కాల్చే యూనిట్‌నే తీసుకోండి. స్వచ్ఛమైన రాయి 1,000 కిలోలు పూర్తిగా కాలితే 560 కిలోల సున్నం మిగులుతుంది, 440 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇది కేవలం రాయిలోంచి వచ్చేది, బట్టీలో మండించిన ఇంధనం పొగ దీనికి అదనం. ఇంధనం బిల్లు మాత్రమే చూసినవాళ్లు పెద్ద ముక్కను వదిలేసినట్టే.

మూడు రకాల సరుకు ఒకే మీటర్ మీద తయారవుతుంటే కరెంటును ఎలా పంచారో రాసి పెట్టాలి. బరువును బట్టి పంచడం సులువే. కానీ ఒక సరుకు కొలిమికి వెళ్లి, ఇంకోటి వెళ్లకపోతే ఆ పంపకం అన్యాయం. నెల రోజులకైనా కొలిమికి వేరే సబ్‌మీటర్ పెట్టించండి.

సప్లయర్ల దగ్గరే అందరూ ఆగిపోతారు. "మీ కార్బన్ ఫుట్‌ప్రింట్ పంపండి" అంటే జవాబు రాదు. ఆ మాట చూసి చిన్న యూనిట్లు భయపడతాయి. ముందు వాళ్లకు ఈపీడీ ఉందేమో అడగండి. లేకపోతే వాళ్ల భాషలోనే అడగండి: టన్ను సరుకుకు ఎన్ని యూనిట్ల కరెంటు, ఏ ఇంధనం ఎంత, ఎక్కడి నుంచి ఏ బండిలో పంపుతున్నారు. వివరాలు బయటపెట్టం అని కాగితం మీద రాసివ్వండి. అప్పటికీ రాకపోతే ఎకోఇన్‌వెంట్ లాంటి డేటాబేస్‌లోని సగటు అంకె వాడుకోవచ్చు, వాడినట్టు రిపోర్టులో చెప్పాలి.

రిపోర్టు, తనిఖీ, నమోదు

ఈ డేటాతో ఐఎస్‌ఓ 14040, 14044 ప్రకారం జీవితచక్ర మదింపు, అంటే ఎల్‌సీఏ చేయాలి. దానికి ఓపెన్‌ఎల్‌సీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, సీమాప్రో లాంటివి డబ్బు పెట్టి కొనాలి. వివరమైన రిపోర్టు వెరిఫైయర్ చూస్తారు, ప్రజలకు కనిపించేది ఈపీడీ పత్రమే. కాబట్టి వ్యాపార రహస్యాల గురించి అంతగా బెంగ పడక్కర్లేదు.

ఎల్‌సీఏ చేసినవారే దాన్ని తనిఖీ చేయకూడదు. స్వతంత్ర వెరిఫైయర్ ప్రశ్నలు పంపుతారు, మీరు ఆధారాలతో జవాబులివ్వాలి, ఇలా ఒకటి రెండు సార్లు నడుస్తుంది. ఆయన సంతకం చేసిన తనిఖీ పత్రం, ఈపీడీ పత్రం, ఆపరేటర్ అడిగిన ఇతర కాగితాలు జతచేసి, ఫీజు కట్టి దరఖాస్తు సమర్పిస్తే నమోదు నంబర్ వస్తుంది.

సాధారణంగా ఈపీడీ 5 ఏళ్లు చెల్లుతుంది. ఈలోగా ఇంధనం మారినా, ముడిసరుకు మారినా అంకెలు మళ్లీ చూసుకోవాలి. ఏ సూచికైనా బాగా పెరిగితే పత్రం సవరించాలి, ఆ పరిమితి ఎంతో మీ ఆపరేటర్ నియమాల్లో ఉంటుంది. వెరిఫైయర్‌కు పంపిన ప్రతి బిల్లు కాపీనీ నెలల వారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. మీటర్ రీడింగ్ రాసే పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించండి.